మురాఫా నుంచి మహాసభ దాకా: నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘంలో వకీళ్ళ పనితీరు, అప్పీలు భావన (1921–1951)

వ్యాససంగ్రహం

నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘాన్ని సాధారణంగా భాషా సాంస్కృతిక చైతన్యానికి నాందిగా చరిత్రకారులు పేర్కొంటారు. ఆ సంఘానికి రూపమిచ్చినవారిలో పలువురు హైదరాబాదు న్యాయస్థానాలలో వాదించే వకీళ్ళు. వారి వృత్తికీ వారి ప్రజాకార్యానికీ ఉన్న సంబంధాన్ని ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది. కింది అధికారి నిర్ణయాన్ని పై అధికారి ఉత్తర్వుతో సరిపోల్చి, లోపాన్ని లిఖితపూర్వకంగా నిరూపించే అప్పీలు పద్ధతినే ఈ వకీళ్ళు గ్రామ సమస్యలకు అన్వయించారన్నది ఈ వ్యాస ప్రతిపాదన. ఆ పద్ధతి సాధించినదేమిటి, దాని హద్దులేమిటి అనే విషయాలను వెట్టిచాకిరి సమస్య, 1949–51 నాటి మరణశిక్షల వ్యాజ్యం ఆధారంగా వివరిస్తుంది.

కీలకపదాలు: ఆంధ్ర జనసంఘం, వకీలు, అప్పీలు, గస్తీ, వెట్టిచాకిరి, మాడపాటి హనుమంతరావు, తెలంగాణ సాయుధ పోరాటం.

1. ప్రవేశిక

తెలంగాణలో ఆంధ్రోద్యమ చరిత్రను గ్రంథాలయాలు, పత్రికలు, పాఠశాలలు, మహాసభలు అనే నాలుగు మార్గాలలో చెప్పడం పరిపాటి. ఈ నాలుగింటిలోనూ తరచుగా ఎదురయ్యే పేర్లు మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు, కొండా వెంకట రంగారెడ్డి. వీరిని సంఘసేవకులుగా, రచయితలుగా, రాజకీయ నాయకులుగా స్మరిస్తున్నాం. వీరందరూ న్యాయవాదులన్న విషయాన్ని మాత్రం జీవితచరిత్రలో ఒక వాక్యంగా చెప్పి దాటవేస్తున్నాం.

వృత్తి మనిషికి జీవనోపాధితో పాటు ఒక ఆలోచనా విధానాన్ని కూడా ఇస్తుంది. వైద్యుడు లక్షణాలను బట్టి, ఉపాధ్యాయుడు పాఠాన్ని బట్టి ఆలోచించినట్లే, వకీలు లిఖిత ఆధారాన్ని బట్టి ఆలోచిస్తాడు. అందులోనూ పై కోర్టులో వాదించే వకీలు ఆలోచన మరింత ప్రత్యేకమైనది. అతని ఎదుట సాక్షి ఉండడు. కింది కోర్టు నమోదు చేసిన వాంగ్మూలం, ఇచ్చిన తీర్పు, వర్తించే చట్టం అనే మూడు కాగితాలు మాత్రమే ఉంటాయి. చట్టం చెప్పినదానికీ తీర్పు చేసినదానికీ మధ్య ఉన్న తేడాను చూపడమే అతని పని. ఈ అలవాటు 1921 తర్వాత తెలంగాణ ప్రజాజీవితంలోకి ఎలా ప్రవేశించిందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. హైదరాబాదు రాష్ట్రంలో అప్పీలు స్వరూపం

బ్రిటిషు ఆంధ్ర జిల్లాలలోని కక్షిదారుకూ తెలంగాణ కక్షిదారుకూ ఒక ముఖ్యమైన భేదం ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాల కింది కోర్టులలో సాక్షి తెలుగులో చెప్పిన మాట తెలుగులో నమోదయ్యే అవకాశం ఉండేది. వ్యాజ్యం 1862లో ఏర్పడిన మద్రాసు హైకోర్టుకు చేరినప్పుడు అది ఇంగ్లీషులోకి మారేది. అంటే అక్కడ భాష మారేది అప్పీలు దశలో. హైదరాబాదు రాష్ట్రంలో 1880 దశకంలో పారసీ స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. రాష్ట్ర జనాభాలో సుమారు సగం మంది తెలుగు మాట్లాడేవారే అయినా, ఫిర్యాదు మొదలు తుది తీర్పు వరకు అధికారిక భాష ఉర్దూయే. తెలుగు రైతు నోటిమాట మొదటి మెట్టులోనే పరభాషలో నమోదయ్యేది. పై కోర్టు చదివేది ఆ నమోదునే.

అందువల్ల ఇక్కడ వకీలు పాత్ర రెండింతలైంది. అతడు చట్టం తెలిసినవాడు మాత్రమే కాదు, రెండు భాషల మధ్య నిలిచినవాడు కూడా. తెలంగాణ తెలుగులో నేటికీ వినిపించే దావా, జవాబుదావా, మిసిలు, నకలు, మియాదు, ఫైసలా, వకాలత్‌నామా వంటి మాటలు ఈ మధ్యవర్తిత్వపు ఆనవాళ్ళు. అప్పీలును ఉర్దూ న్యాయపరిభాషలో మురాఫా అనేవారు. మురాఫా చేయాలంటే తీర్పు నకలు సంపాదించాలి. మియాదు దాటకుండా దాఖలు చేయాలి. కింది న్యాయాధికారి ఏ అంశంలో పొరబడ్డాడో హేతువులుగా విడదీసి రాయాలి. చదువు, డబ్బు, నగరంతో సంబంధం లేని గ్రామీణునికి ఈ మూడూ దుర్లభాలే.

దీనికి తోడు రాష్ట్ర భూభాగంలో గణనీయమైన భాగం జాగీర్లు, పాయగాలు, సంస్థానాల కింద ఉండేది. వాటిలో కొన్నింటికి సొంత న్యాయాధికారాలు ఉండేవి. వీటన్నింటి పైన హైదరాబాదు హైకోర్టు, దానికి పైన ప్రీవీ కౌన్సిల్‌ను పోలిన జుడిషియల్ కమిటీ ఉండేవి. ఆ కమిటీ నిజాం నవాబుకు సలహా ఇచ్చే సంస్థ. అంటే అప్పీలు నిచ్చెన చివరి మెట్టు మీద ఉన్నది చట్టం కాదు, ప్రభువు. ఈ విషయం తర్వాతి చర్చకు కీలకం.

1920లో మూసీ ఒడ్డున హైకోర్టుకు కొత్త భవనం వచ్చింది. దాదాపు అదే కాలంలో న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేశారు. రెవెన్యూ అధికారి చేతిలోని న్యాయాధికారం తగ్గడంతో వకీలు వృత్తికి విలువ పెరిగింది. ఆంధ్ర జనసంఘం పుట్టినది సరిగ్గా ఈ వాతావరణంలోనే.

3. వివేకవర్ధిని సభ, వకీళ్ళ బృందం

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినిలో మహర్షి ధోండో కేశవ కర్వే అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. అక్కడ ఇతర భాషల ఉపన్యాసాలను ఓపికగా విన్న సభికులు, అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడడానికి లేచినప్పుడు గేలి చేశారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట కొందరు తెలుగువారు సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. ఈ ఘట్టాన్ని చరిత్ర గ్రంథాలన్నీ చెబుతాయి.

ఇందులో మరొక కోణం ఉంది. అవమానానికి గురైన వెంకటరామారావు స్వయంగా వకీలు. న్యాయస్థానంలో ఉర్దూలో వాదించి మెప్పించగల మనిషి. తన భాష రాక కాదు, తన భాషను ఎంచుకొన్నందుకు అతడు గేలికి గురయ్యాడు. ఉర్దూలో నిష్ణాతులైన వ్యక్తులే తెలుగు కోసం సంఘం పెట్టడం వల్ల ఆ సంఘానికి ఆత్మన్యూనత లేదు. పాలక భాషను ద్వేషించే ధోరణి కూడా అందులో కనిపించదు. మందుముల నరసింగరావు తర్వాతి కాలంలో ‘రయ్యత్’ పేరుతో ఉర్దూ పత్రికనే నడిపారు. ప్రభుత్వానికి వినిపించాల్సిన మాటను ప్రభుత్వం చదివే భాషలోనే చెప్పడం వకీలు తర్కం.

సంఘ కార్యదర్శి మాడపాటి హనుమంతరావు జీవితం కూడా ఇదే క్రమాన్ని సూచిస్తుంది. 1885లో కృష్ణా జిల్లాలో జన్మించి, తెలంగాణలో పెరిగి, విద్యాశాఖలో ఉద్యోగం చేసి, వకీలు పరీక్షలో ఉత్తీర్ణులై హైదరాబాదులో వృత్తి చేపట్టారు. ప్రభుత్వ కార్యాలయం లోపలి పనితీరు, కోర్టు పనితీరు రెండూ ఆయనకు తెలుసు. ఏ ఉత్తర్వు ఏ శాఖ నుంచి వెలువడుతుంది, అది కింది అధికారిని ఎంతవరకు బంధిస్తుంది అనే జ్ఞానం సంఘానికి పెట్టుబడి అయింది.

4. గస్తీని గ్రామానికి చేర్చడం

ఆంధ్ర జనసంఘం తొలి దశలో చేపట్టిన సమస్యలు మూడు: వర్తకుల ఇబ్బందులు, మోహతర్ఫా పన్ను, వెట్టిచాకిరి. ఈ మూడింటిపైనా సంఘం చిన్న పుస్తకాలు ప్రచురించింది. వాటి నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి వెట్టి సమస్యను ఉదాహరణగా తీసుకోవచ్చు.

పర్యటనకు వచ్చిన అధికారులకు గ్రామంలోని వివిధ కులాలవారు కూలి లేకుండా చాకిరి చేయాల్సి వచ్చేది. బండ్లు తోలాలి, మూటలు మోయాలి, నీళ్ళు తేవాలి, కట్టెలు కొట్టాలి. వర్తకులు సరుకులను అధికారి చెప్పిన ధరకు, కొన్నిసార్లు ఉచితంగా, సరఫరా చేయాలి. దేశముఖులు, పటేలు పట్వారీలు ఇదే అధికారాన్ని తమ సొంత అవసరాలకు వాడుకొనేవారు. అయితే ప్రభుత్వ పత్రాలలో కథ వేరుగా ఉండేది. పనికి ప్రతిఫలం చెల్లించాలని, సరుకుకు ధర ఇవ్వాలని చెప్పే ఫర్మానాలు, గస్తీలు వెలువడుతూనే ఉండేవి. గస్తీ అంటే పై కార్యాలయం కింది కార్యాలయాలకు పంపే సామాన్య ఉత్తర్వు. అది ఉర్దూలో ఉండేది. తాలూకా కచేరీలో మిసిలులోకి చేరేది. ఎవరి మేలు కోసం రాశారో వారికి అది తెలిసే మార్గం లేదు.

సంఘంలోని వకీళ్ళు చేసిన పని ఇక్కడే మొదలైంది. వెట్టి అన్యాయమని ఉపన్యసించడంతో వారు ఆగలేదు. వెట్టి సర్కారు ఉత్తర్వుకే విరుద్ధమని చూపారు. ఉత్తర్వును తెలుగు చేసి, అచ్చువేసి, గ్రామానికి పంపారు. ఇది అప్పీలు వకీలు చేసే పనికి ప్రతిబింబం. కోర్టులో అతడు కింది తీర్పును పై చట్టం ముందు నిలబెడతాడు. ఇక్కడ తహసీలుదారు, దేశముఖుల ప్రవర్తనను నిజాం సర్కారు ఉత్తర్వు ముందు నిలబెట్టారు.

ఈ పద్ధతిలో మూడు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది రక్షణ. బహిరంగ సభకు కూడా ముందస్తు అనుమతి కావలసిన రాజ్యంలో, ప్రభుత్వ ఉత్తర్వునే ప్రచారం చేసేవారిని రాజద్రోహులని నిందించడం కష్టం. రెండవది నిర్దిష్టత. సమస్య కన్నీటి గాథగా కాక, ఫలానా ఉత్తర్వుకు ఫలానా ఉల్లంఘనగా రూపుదిద్దుకొంది. మూడవది గ్రామీణుని స్థానంలో వచ్చిన మార్పు. అంతవరకు దొర దయకోసం ఎదురుచూసినవాడు, దొర కూడా ఒక ఉత్తర్వుకు కట్టుబడాలని తెలుసుకొన్నాడు. చదవనేర్చిన ఒక్క మనిషి ఆ చిన్న పుస్తకాన్ని ఊరిలో పైకి చదివితే చాలు. సంఘం గ్రంథాలయాలకూ పఠనాలయాలకూ ఇచ్చిన ప్రాధాన్యాన్ని కూడా ఈ దృష్టితో చూడవలసి ఉంది. గ్రంథాలయం కావ్యపఠనానికే కాదు, హక్కు పఠనానికీ వేదిక అయింది.

తెలుగు వచన చరిత్రకు కూడా ఈ పుస్తకాలు ముఖ్యమైనవి. ఉర్దూ పరిపాలనా వాక్యాన్ని గ్రామీణునికి అర్థమయ్యే తెలుగు వాక్యంగా మార్చడం అనువాద ప్రక్రియే. తెలంగాణ వచన వికాసాన్ని కథలు, 1926లో ప్రారంభమైన గోలకొండ పత్రిక ఆధారంగా అంచనా వేస్తున్న పరిశోధకులు ఈ కరపత్ర వచనాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మాడపాటివారి ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ గ్రంథం కూడా ఈ అలవాటుకు కొనసాగింపే. తీర్మానాలను, ఉత్తర్వులను, సభల వివరాలను వరుసగా అమర్చే ఆ రచనలో ఉద్యమ నాయకుని ఆవేశం కన్నా మిసిలు తయారుచేసే వకీలు జాగ్రత్త ఎక్కువగా కనిపిస్తుంది.

5. మహాసభలు: పద్ధతి విస్తరణ, పరిమితి

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. 1931లో దేవరకొండ సభకు బూర్గుల, 1935లో సిరిసిల్ల సభకు మాడపాటి, 1936లో షాద్‌నగర్ సభకు కొండా వెంకట రంగారెడ్డి, 1937లో నిజామాబాదు సభకు మందుముల నరసింగరావు అధ్యక్షత వహించారు. ప్రతాపరెడ్డి కూడా న్యాయశాస్త్ర పట్టభద్రులే. తొలి దశ అధ్యక్షుల పట్టిక దాదాపుగా ఒక న్యాయవాద సంఘపు పట్టికలా ఉండడం యాదృచ్ఛికం కాదు. తీర్మానం ప్రతిపాదించడం, బలపరచడం, సవరణ కోరడం, ఆమోదించడం, ప్రభుత్వానికి నివేదించడం అనే సభా మర్యాద వకీళ్ళకు వృత్తిరీత్యా అలవడిన విషయం.

అయితే ఈ పద్ధతికి ఒక మౌలిక పరిమితి ఉంది. అప్పీలు ఫలించడానికి మూడు ఆధారాలు కావాలి. కింది నిర్ణయం స్పష్టంగా ఉండాలి. ఇరుపక్షాలనూ బంధించే చట్టం ఉండాలి. ఆ చట్టాన్ని అమలుచేయక తప్పని పై అధికారం ఉండాలి. మొదటి రెండింటినీ సంఘం సమకూర్చగలిగింది. మూడవది దాని చేతిలో లేదు. నిజాం రాజ్యంలో పై అధికారం వినవచ్చు, వినకపోవచ్చు. విన్నా దాని ఉత్తర్వు మళ్ళీ అదే దేశముఖు, అదే పటేలు చేతుల మీదుగానే అమలు కావాలి. అందువల్ల రూపంలో అప్పీలుగా ఉన్నది సారంలో విన్నపంగానే మిగిలింది. అప్పీలు హక్కు. విన్నపం ప్రార్థన. ఈ రెండింటి మధ్య అంతరమే 1940 దశకంలో తరాల మధ్య అంతరంగా బయటపడింది.

1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు కావడంతో మహాసభ స్వభావం మారసాగింది. కౌలు, బేదఖలు, భూమి సమస్యలు ముందుకు వచ్చాయి. 1944లో భువనగిరి సభ నాటికి చీలిక ఏర్పడింది. మితవాదులు వేరయ్యారు. దీనిని మితవాదం, అతివాదం అనే పేర్లతో మాత్రమే వివరిస్తే అసలు ప్రశ్న మరుగున పడుతుంది. పై అధికారం వింటుందనే నమ్మకం మీద నిలిచిన పద్ధతి, ఆ నమ్మకం పోయినవారికి ఏమివ్వగలదు? ఇరవై ఏళ్ళుగా గస్తీలు అచ్చులో ఉన్నా గ్రామంలో వెట్టి కొనసాగింది. తొలి తరం వకీళ్ళ శ్రమ వృథా అని దీని అర్థం కాదు. వెట్టి చట్టవిరుద్ధమన్న ఎరుక లేకుండా వెట్టిని ఎదిరించే సంఘటన ఏర్పడడం కష్టం. కాని ఎరుకకూ ఫలితానికీ మధ్య ఉన్న దూరాన్ని దాటించే శక్తి ఆ పద్ధతికి లేకపోయింది.

6. 1949–51: మూసుకొన్న తలుపు

అప్పీలు నిజంగా హక్కు అయిన సందర్భంలో కూడా ఏమి జరగవచ్చో చెప్పే ఉదంతం ఒకటి ఉంది. 1948 సెప్టెంబరులో సైనిక చర్య తర్వాత హైదరాబాదు మిలిటరీ గవర్నరు పాలనలోకి వచ్చింది. సాయుధ పోరాటానికి సంబంధించిన కేసుల విచారణకు 1358 ఫసలీ నాటి నిబంధన కింద ప్రత్యేక ట్రిబ్యునళ్ళు ఏర్పడ్డాయి. 1949 ఆగస్టులో అవి పన్నెండు మందికి మరణశిక్షలు విధించాయి. అదే ఏడాది డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు వాటిని ఖరారు చేసింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది.

హైకోర్టు తీర్పుకూ రాజ్యాంగానికీ మధ్య ఉన్నది ఆరు వారాలు. ఆ ఆరు వారాలే వ్యాజ్యానికి కేంద్రమయ్యాయి. బ్రిటిషు న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో ఖైదీల పక్షాన వాదించారు. ప్రత్యేక అనుమతితో అప్పీలు చేసుకొనే వీలు 136వ అధికరణం కల్పించింది. హైదరాబాదు జుడిషియల్ కమిటీ వంటి సంస్థల ముందు పెండింగులో ఉన్న అప్పీళ్ళు సుప్రీంకోర్టుకు బదిలీ అవుతాయని 374వ అధికరణంలోని నాలుగవ ఖండం చెప్పింది. కాని ఈ ఖైదీల విషయంలో తీర్పు రాజ్యాంగానికి ముందే వెలువడింది. ఆనాటికి హైదరాబాదు కోర్టులు భారత భూభాగంలోని కోర్టులు కావు. కాబట్టి తమకు అప్పీలు అధికారం లేదని 1950 డిసెంబరులో సుప్రీంకోర్టు జనార్దన్ రెడ్డి కేసులో నిర్ణయించింది.

తర్వాత ఖైదీలు 32వ అధికరణం కింద రిట్ పిటిషన్లు వేశారు. విచారణలో తమకు తగిన న్యాయవాది సహాయం అందలేదన్నది వారి ముఖ్య అభ్యంతరాలలో ఒకటి. 1951 మార్చిలో ఆ పిటిషన్లు కూడా వీగిపోయాయి. అధికార పరిధి గల కోర్టు శిక్ష విధించినప్పుడు, విచారణలోని లోపాలు అప్పీలులో పరిశీలించదగినవే గాని హెబియస్ కార్పస్ రిట్‌లో విడుదలకు ఆధారం కావన్నది తీర్పు సారాంశం. ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు విషయం స్పష్టమవుతుంది. లోపాన్ని అప్పీలులో చెప్పుకోవాలి. అప్పీలుకు తలుపు లేదు. ప్రతి తీర్పూ తన తర్కంలో సుసంగతంగా ఉండవచ్చు. రెండూ కలిసి పన్నెండు మంది ప్రాణాలను న్యాయస్థానం బయట వదిలేశాయి. చివరకు ఆ మరణశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. అయితే అది కోర్టు తీర్పు వల్ల కాదు. ప్రజాభిప్రాయపు ఒత్తిడి నడుమ ప్రభుత్వం చూపిన క్షమ వల్ల. హక్కుగా మొదలైనది మళ్ళీ విన్నపంగానే ముగిసింది.

1921 నాటి వకీళ్ళు ఎదుర్కొన్న పరిమితికీ దీనికీ పోలిక ఉంది, భేదమూ ఉంది. అప్పుడు చట్టం ఉన్నా, దాన్ని పాటించక తప్పని పై అధికారం లేదు. ఇప్పుడు అటువంటి పై న్యాయస్థానం ఏర్పడింది, కాని దాన్ని చేరే దారి ఒక తేదీ దగ్గర ఆగిపోయింది. రెండు సందర్భాలలోనూ నష్టపోయినవాడు కాగితం తన దాకా రాని గ్రామీణుడే.

7. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి.

నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘం కేవలం భాషాభిమాన సంస్థ కాదు. భాషాభిమానాన్ని చట్టజ్ఞానంతో కలిపిన వకీళ్ళ బృందం దానికి వెన్నెముక. ఉర్దూ గస్తీని తెలుగు చేసి ఊరికి పంపడం ద్వారా భాషా హక్కునూ న్యాయ హక్కునూ అది ఒకే పనిలో సాధించజూసింది. తెలుగులో మాట్లాడితే గేలి చేసిన సభకు ఇంతకన్నా గట్టి సమాధానం లేదు.

ఆ బృందం ఎంచుకొన్న పద్ధతి అప్పీలు పద్ధతి. దాని బలం లిఖిత ఆధారం, నిర్దిష్టత, భయరాహిత్యం. దాని బలహీనత పై అధికారం మీద ఆధారపడడం. ఈ రెండింటినీ కలిపి చూడకుండా తొలి తరాన్ని మితవాదులని తోసిపుచ్చడమూ, కేవలం పితామహులని కీర్తించడమూ సమగ్ర దృష్టి కావు.

అప్పీలు అనేది న్యాయశాస్త్ర గ్రంథాలకే పరిమితమైన సాంకేతిక విషయం కాదు. తన మాటను మరొకసారి, మరొకరు వినాలని కోరే హక్కు అది. ఆ మాట ఏ భాషలో నమోదైంది, నకలు ఎవరికి అందింది, మియాదు ఎప్పుడు ముగిసింది అనే ప్రశ్నలమీదే ఆ హక్కు విలువ ఆధారపడుతుంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించినప్పుడు అది వార్త అయింది. ఉర్దూ మిసిలు నుంచి తెలుగు తీర్పు వరకు పట్టిన కాలం తెలిసినవారికి అది వార్త ఎందుకైందో బోధపడుతుంది. జనసంఘం చిన్న పుస్తకాలను, ఆనాటి ఉర్దూ తీర్పులను కలిపి చదివే పరిశోధన తెలుగు, ఉర్దూ, చరిత్ర శాఖలు ఉమ్మడిగా చేయదగినది. వకీళ్ళు అనువదించి ఊరికి పంపిన ఆ కాగితాలలో తెలంగాణ సామాన్యుడు తన పేరున వెలువడిన ఉత్తర్వును మొదటిసారి తన భాషలో విన్నాడు. ఆ వినికిడికి చరిత్రలో దక్కవలసిన స్థానం ఇంకా దక్కవలసే ఉంది.